ఇంకా తవ్వుతున్న మనిషి

తొంభై ఏడులో, కెండల్‌లో,
కళ్లద్దాల కొట్టు మూసి వానలో ఇంటికొచ్చి
టెలిఫోను తీగ పీకి మోడెంకి గుచ్చేదాన్ని.
గొంతులో ముల్లు దిగిన పిల్లిలా అది కాసేపు అరిచి
లోకం తలుపు ఓరగా తీసేది.
నిమిషానికింతని బిల్లు.
గుడ్లుడికే గడియారం పక్కన పెట్టుకుని మరీ
లోకంలోకి వెళ్లొచ్చేదాన్ని.

పక్కింటి విల్ఫ్రెడ్ ఆర్మరాడ్‌కి పురుగుల పిచ్చి.
పెరట్లో బకెట్టు, దాని మీద పాదరసపు దీపం,
లోపల ఖాళీ కోడిగుడ్ల అట్టలు.
తెల్లారి అట్ట తిరగేస్తే
గుంటకొకటి చొప్పున రెక్కలు ముడుచుకుని నిద్ర.
"అది విరిగిన పుల్ల కాదు, సరిగ్గా చూడు" అన్నాడు.
చూశాను. పుల్లకి కాళ్లున్నాయి.
రోజంతా ఊరి చూపు సరిచేసేదాన్ని,
నాకు చూడ్డం మొదలైంది ఆ పొద్దున.

పుస్తకంలో శలభం. మా అమ్మ నోట దీపప్పురుగు.
అన్నిటికీ కలిపి ఆ రెండు మాటలేనా అని
విడివిడిగా నేనే పెట్టుకున్నాను పేర్లు:
మేనత్త శాలువా, తడిసిన అగ్గిపెట్టె,
ఇస్త్రీ మాడిన చొక్కా, అర్ధరూపాయి.
ఒకదానికి ఇంగ్లీషువాళ్లే సందేహమని పెట్టారు.
దాన్ని మాత్రం మార్చలేదు.

పేర్లుంటే ఉండటానికో చోటు కావాలి కదా.
లైబ్రరీ నుంచి తెచ్చిన లావుపాటి పుస్తకం ఒళ్లో పెట్టుకుని
బ్రాకెట్ల మధ్య ఒక్కో మాటా కుట్టాను.
ఒక్కటి మూయడం మర్చిపోతే
అక్కణ్ణుంచి పేజీ అంతా లావెక్కిపోయేది.
తెలుగు తెర మీద డబ్బాలు డబ్బాలుగా పడేది,
అందుకని పేర్లు చేత్తో రాసి, స్కాన్ చేసి
బొమ్మలుగా అంటించాను.
నల్లటి నేల, ఆకుపచ్చ అక్షరాలు,
కుడి నుంచి ఎడమకి పాకే స్వాగతం.
పైన పసుపు పలకలో పార పట్టుకుని తవ్వే మనిషి:
పని జరుగుతోంది.
అడుగున, వచ్చినవాళ్ల లెక్క:
పదిహేడు.
అందులో పదకొండు నేనే. నాలుగు విల్ఫ్రెడ్.
మిగతా రెండూ ఎవరో ఇప్పటికీ తెలీదు.
వాళ్ల కోసమే కాబోలు
ఇంగ్లీషు స్పెల్లింగులన్నీ ఒకసారి సరిచూశాను.

ఉచితంగా చోటిచ్చిన కంపెనీ ఓ మంగళవారం దీపమార్పేసింది.
ఫ్లాపీల్లో మూటకట్టి కాపరం మార్చాను.
తడిసిన అగ్గిపెట్టె దారిలో ఎక్కడో జారిపోయింది.
పాకే స్వాగతాన్ని ఆపాను. నేలకి సున్నం వేశాను.
తెలుగు అక్షరాలు అక్షరాలుగానే పడే రోజులొచ్చాక
చేతిరాత తీసేసి టైపు కొట్టాను.
శాలువాలో ఒక పోగు తగ్గినట్టుంది.
ఫోనుల్లో పట్టాలని సన్నం చేశాను.
తాళంకప్ప గుర్తు లేకపోతే జనం భయపడతారంటే
తాళం కూడా కొన్నాను, పురుగులకి.

విల్ఫ్రెడ్ పోయిన ఏడాది ఏమీ మార్చలేదు.
బకెట్టు నాకొచ్చింది.

అర్ధరూపాయి తొంభై ఎనిమిదిలో మే ఇరవై తొమ్మిదిన వచ్చింది.
ఈ ఏడు మే పదకొండునే.
ఎందుకో నేను రాయలేదు. తేదీలు రాశాను,
ఒకదాని కింద ఒకటి.

కొట్లో కొత్తగా చేరిన కైరన్ చూసి నవ్వాడు.
పాత చింతకాయ పచ్చడికి వాళ్ల భాషలో ఏదో మాటుంది,
అది అన్నాడు.
పాతబడితేనే కదరా పచ్చడి.

తవ్వే మనిషిని తీసేద్దామని మూడుసార్లు కూర్చున్నాను.
రెండే కదలికలు వాడివి, పార ఎత్తడం, దించడం.
ఇన్నేళ్లలో ఒక్క మట్టిపెళ్ల లేవలేదు.
నిన్న రాత్రి నాలుగోసారి.
కిటికీ తీసే ఉంది, గదిలో తెర వెలుగొక్కటే.
ఏదో వచ్చి తెర మీద,
సరిగ్గా వాడి పార మొన దగ్గర వాలింది.
కళ్లజోడు సర్దుకుని చూశాను.
సందేహం.

తోలలేదు.
మౌసు వదిలేసి
గుడ్ల అట్ట కోసం లేచాను.